మూడో పాదం చివర

ఈ నిశ్శబ్దంలో కాదు, వచ్చే నిశ్శబ్దంలో లేద్దాం అనుకున్నాడు ఇద్వల్. అనుకోగానే ఊపిరి తేలికపడింది, తేలికపడినందుకు సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా కొత్తది కాదు, ఎన్నోసార్లు వేసుకుని విప్పిన కోటులా భుజాలకు సరిగ్గా అమరింది. చర్చిలో చలిగా ఉంది. గ్యాస్ హీటర్ల వాసన, తడిసిన ఉన్ని వాసన, బల్లల చివర్ల వెలిగించిన కొవ్వొత్తుల వాసన, వీటన్నిటి కింద తన చేతుల్లోంచి వస్తున్న పాల షెడ్డు వాసన. బయల్దేరే ముందు మూడుసార్లు సబ్బుతో రుద్దాడు, అయినా గోళ్ళ సందుల్లో అది ఉంటుంది, నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. కుడి జేబులో నాన్న శ్రుతిదండం వేళ్ళ మధ్య వెచ్చబడిపోయింది. పక్కన కూర్చున్న వదిన నెరిస్ మోచేత్తో పొడిచింది, కాస్త గట్టిగానే, ఈసారి మనం అని పెదవులు కదిపింది. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఈలోగా ముందు వరసలోంచి ముసలి అక్కచెల్లెళ్ళిద్దరు లేచి, రాతి నేల మీద బూట్లు టకటకలాడించుకుంటూ ముందుకు నడిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాట ఎత్తుకున్నారు. అలా ఒక నిశ్శబ్దం అయిపోయింది.

ప్లగైన్‌లో అంటే ఈ క్రిస్మస్ పాటల సాయంత్రంలో ఎవరూ ఎవరినీ పిలవరు. జనవరి రెండో ఆదివారం సాయంత్రం, చిన్న ప్రార్థన కాగానే పాదిరిగారు ఇక ప్లగైన్ మీది అని ఒక్క మాట చెప్పి కూర్చుంటారు, ఆ తర్వాత పేర్లు చదవడం లేదు, వాయిద్యం లేదు, చప్పట్లు లేవు. ఒక జట్టు పాడి వెళ్ళి కూర్చుంటుంది, నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలోంచి ఇంకో జట్టు లేస్తుంది. కట్టుబాటు ఒక్కటే, ఆ సాయంత్రం ఒకరు పాడిన పాట ఇంకొకరు పాడకూడదు. అందుకే ఈ లోయలో పొలాలకు గట్లు ఉన్నట్టే పాటలకూ ఇళ్ళున్నాయి, ఎవరి పాట వాళ్ళది, ఇంకొకరు ముట్టరు. ఇద్వల్ వాళ్ళ పొలం పేరు కాయ్ గ్లాస్, పాటకూ అదే పేరు, కాయ్ గ్లాస్ వాళ్ళ పాట, పదకొండు చరణాలు, నూనెగుడ్డ అట్ట వేసిన నోటుబుక్కులో తాత చేతిరాత. చిన్నప్పుడు ఇద్వల్‌కి ఒక భయం ఉండేది, ఒక ఏడు తాము పాడకపోతే ఆ పాట నోటుబుక్కులో ఆకలితో కూర్చుని ఉంటుందని. తర్వాత ఆ భయం ఎటు పోయిందో తెలియదు. పద్నాలుగేళ్ళు ఆకలితో ఉంచాడు, ఒక్కరోజూ దాని ఏడుపు వినపడలేదు.

అక్కచెల్లెళ్ళలో పెద్దామె గొంతు వణుకుతోంది, ఆ వణుకు పక్కన చెల్లెలు తన గొంతును చెయ్యి పట్టుకున్నట్టు పట్టి నడిపిస్తోంది. అలాగే నడిపించేవాడు నాన్న. కింది గొంతు నాన్నది, పై గొంతు అన్న ఎమ్లిన్‌ది, మధ్య గొంతు ఇద్వల్‌ది. పదకొండేళ్ళప్పుడు మొదటిసారి ఇక్కడే, ఆ మూడు రాళ్ళ మీదే నిలబడ్డాడు, నాన్న శ్రుతిదండాన్ని బల్ల అంచు మీద కొట్టి పళ్ళకు ఆనించుకుని మ్మ్ అన్నాడు, ఆ మ్మ్ మీద ముగ్గురూ కాలు పెట్టారు. మొదటి చరణం మూడో పాదం చివర ఒక మెట్టు పైకి ఎక్కాల్సిన గొంతు కిందకి దిగిపోయింది. ఎందుకు దిగిందో ఇప్పటికీ తెలియదు. దిగగానే నాన్న స్వరంతో అది రాసుకుంది, తలుపు కింద రాయి ఇరుక్కున్నట్టు ఒక్క క్షణం కిర్రుమంది, తర్వాతి మాటలో సర్దుకుంది. మిగతా పది చరణాల్లోనూ భయంతో ప్రతిసారీ అక్కడే దిగాడు. తిరిగి వచ్చి, గేటు తీయడానికి వ్యాన్లోంచి దిగబోతూ ఎమ్లిన్ వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఆడమ్‌ని దేవుడు వెళ్ళగొట్టలేదురా, నీ పాట వినలేక వాడే తోట వదిలి పోయాడు" అన్నాడు, నాన్న స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు, ఆ నవ్వులోనే ఆ తప్పు ఇంట్లో మనిషైపోయింది. మరుసటి ఏడు సరిచేద్దామంటే నాన్న ఉండనీ అన్నాడు. అది లేకపోతే తనకి కాలు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదన్నాడు. పాతికేళ్ళకు పైగా అలాగే పాడారు, కాయ్ గ్లాస్ వాళ్ళు మూడో పాదం చివర ఒకసారి కిర్రుమంటారని లోయంతా తెలుసు.

పాట అయిపోయింది. నిశ్శబ్దం. నెరిస్ ఈసారి మోచేత్తో కాదు, అతని మణికట్టు పట్టుకుంది. చేతి తొడుగులోంచి కూడా చలి తగిలింది. "ఇప్పుడే లే. నా మాట విను" అంది, చెవి దగ్గర, దాదాపు కోపంగా. ఆ కోపం ఎందుకో అతనికి అర్థం కాలేదు. లేవాలనే ఉంది. మోకాళ్ళు సిద్ధంగానే ఉన్నాయి, సిద్ధంగా లేనిది లోపల ఇంకేదో, ప్రతిసారీ చివరి క్షణంలో ఇంకొంచెం సర్దుకుని వెళదాం అనేది, అది నాన్న గొంతుతోనో అమ్మ గొంతుతోనో మాట్లాడదు, చాలా మర్యాదగా అతని సొంత గొంతుతోనే మాట్లాడుతుంది, అందుకే దాన్ని కాదనడం కష్టం. వెనక బల్లలోంచి కలప మిల్లు అన్నదమ్ములు నలుగురు లేచారు. ఇద్వల్ మనసులో వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

ఏటా నవంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం భోజనం కాగానే ఎమ్లిన్ ఫోను. ఎమ్లిన్ దాణా లారీ నడిపేవాడు, వారమంతా పక్క పొలాల్లో తిరిగేవాడు కాబట్టి లోకమంతా అతనికి దగ్గరే అనిపించేది. ఒరేయ్, సాధన ఎప్పుడు మొదలుపెడదాం, అనేవాడు, బాగున్నావా కూడా లేదు. నాన్న పోయిన ఏడు ఎవరూ ఏమీ అనలేదు, దుఃఖానికి ఆ మాత్రం సెలవు ఉంది. మరుసటి ఏడు దూడలకు దగ్గు. ఆ తర్వాతి ఏడు కొత్త షెడ్డు, ఇరవై ఆవుల నుంచి ఎనభైకి. ఆ తర్వాత కూతురి పరీక్షలు, ఆ తర్వాత పనివాడు మానేశాడు. ప్రతి కారణమూ నిజమే. అదే అన్నిటికంటే కుదురుగా కూర్చున్న సంగతి, ఒక్క అబద్ధమైనా చెప్పి ఉంటే ఏదో ఒక రాత్రి దొరికిపోయేవాడు. కింది గొంతు నేను చూసుకుంటాలేరా, దానికి మనుషులు దొరుకుతారు, నీది దొరకదు, మూడు సాయంత్రాలు చాలు, అనేవాడు ఎమ్లిన్. సాయంత్రం పాలున్నాయి కదన్నా, అనేవాడు ఇద్వల్. అవును, పాలున్నాయి, అనేవాడు ఎమ్లిన్, ఎగతాళి లేకుండా, ఆ మాటను ఎక్కడో భద్రంగా పెట్టుకుంటున్నట్టు. తర్వాత ఒక ఏడు నవంబరులో ఫోను రాలేదు. ఆ ఆదివారం ఇద్వల్ బూట్లు విప్పకుండా వంటింట్లో తిరిగాడు, మూడున్నర దాకా చూశాడు, మూడున్నరకి పాల షెడ్డుకు పోతూ ఈల వేశాడు. ఈల వేశాడు, హాయిగా. ఆ మరుసటి నవంబరులోనూ రాలేదు. మొన్న మే నెలలో ఎమ్లిన్ లారీని ఒక పొలం గేటు ముందు జాగ్రత్తగా ఆపి, ఇంజను ఆపి, తాళం తీసి, సీట్లోనే పోయాడు. తాళం చేతిలోనే ఉందట. ఎవరికీ అడ్డం కాకుండా.

సెప్టెంబరులో నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్ళి వదిన తలుపు తట్టాడు. నెరిస్ చాలాసేపు గుమ్మంలోనే నిలబెట్టి చూసింది. "ఏమయ్యా, ఆవులన్నీ చచ్చిపోయాయా?" అంది. తర్వాత పక్కకి జరిగి లోపలికి రానిచ్చింది, టీ పెట్టింది, అతను చెప్పింది వింది. ఇద్దరున్నా జట్టే కదా వదినా, పై గొంతు నీకు వచ్చు, ముప్పై ఏళ్ళు వంటింట్లో విన్నావు. వచ్చు, అంది నెరిస్. మంగళవారాలు ఆమె వంటింట్లో, మిగతా రోజులు పాల షెడ్డులో, మిషన్ల హోరులో, ఆవుల వెచ్చటి పొట్టలకు నుదురు ఆనించి పాడాడు. గొంతు మొదట తుప్పు పట్టిన గేటులా ఉంది, తర్వాత నెమ్మదిగా తెరుచుకుంది, అక్టోబరులో ఒక ఉదయం ఏడో చరణం పాడుతుంటే ఆనందం అనిపించింది, ఆ ఆనందానికి ఏం చెయ్యాలో తెలియక తోక ఎత్తిన ఆవుని తిట్టాడు. పద్నాలుగేళ్ళకి అన్నకి బాకీ ఏదో తీరుతున్నట్టు అనిపించి, ఆ తప్పు కూడా సరిచేద్దామనుకున్నాడు. తాత అక్షరాల్లో రాసిన స్వరాలు చూసి, మూడో పాదం చివర ఎక్కడం నేర్చుకున్నాడు. గొంతు వినలేదు, మళ్ళీ మళ్ళీ దిగింది, పట్టు పట్టి మూడు నెలల్లో దాని మెడ వంచాడు. మొదటిసారి సరిగ్గా పాడినప్పుడు నెరిస్ పాడటం ఆపేసింది. ఏమైందన్నాడు. ఏం లేదు, బానే ఉంది, అంది, కప్పులు కడగడానికి లేచింది, అప్పటికే కడిగిన కప్పులు. వెనక్కి తిరగకుండానే, ఎందుకైనా మంచిది ఇంకో పాట కూడా పెట్టుకుందాం ఇద్వల్, అంది. ఇంకో పాట ఎందుకు, మన పాట ఎవరు ముడతారు, అని నవ్వాడు.

కలప మిల్లు వాళ్ళు కూర్చున్నారు. మూడో నిశ్శబ్దం. హీటరు బుసకొడుతోంది, ఎవరో పెప్పర్‌మెంట్ కాగితం విప్పుతున్నారు, ఆ చప్పుడు పైకప్పు దూలాల దాకా వెళ్ళి వస్తోంది. ఈ మూడో నిశ్శబ్దం మామూలు కంటే పొడుగ్గా సాగింది, అందరూ ఎవరి కోసమో ఆగినట్టు. నెరిస్ అతని వైపు చూడటం మానేసి ఎడమ వైపు బల్లల కేసి చూస్తోంది. అక్కడ లోయ అవతలి కుర్రకారు, పదిహేడు పద్దెనిమిదేళ్ళ వాళ్ళు నలుగురు, వాళ్ళు ఇటే చూస్తున్నారని ఇద్వల్‌కి అనిపించింది, ముసలి రైతుని చూసి నవ్వుకుంటున్నారేమో అనుకున్నాడు. లేద్దాం. మొదటి మాట గొంతులో ఉంది. ముందు శ్రుతి చూసుకోవాలి, దండం తీసి మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు, సన్నగా, దూరంగా, నాన్న పళ్ళ సందులోంచి వస్తున్నట్టు ఆ స్వరం వినిపించింది, అది పూర్తిగా ఆరిపోయే దాకా విందామనుకున్నాడు, అది ఆరిపోయేలోపు బడిపంతులు, భార్యా లేచారు. సరే, వీళ్ళ తర్వాత. వీళ్ళ తర్వాత ఖాయం. ఆరు చరణాలు, నాలుగు నిమిషాలు. వాళ్ళు ఆఖరి మాట పాడుతుండగానే అతను ముందు బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు, వాళ్ళు కూర్చోగానే లేచాడు, నిజంగానే లేచాడు, సగం దాకా, అప్పటికి ఎడమ వైపు నుంచి ఆ నలుగురూ నడవలోకి వచ్చేశారు.

అతను కూర్చున్నాడు. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు, ఒకబ్బాయి మెడ చుట్టూ ఫుట్‌బాల్ మఫ్లరు. గుండ్రంగా నిలబడ్డారు. మొదటి మాట విన్నప్పుడు ఇద్వల్‌కి అది తన తలలోదే బయటికి వినిపించిందేమో అనిపించింది. రెండో మాటకి చర్చిలో తలలు అతని వైపు తిరిగాయి, మర్యాదగా మళ్ళీ ముందుకి తిరిగాయి. కాయ్ గ్లాస్ వాళ్ళ పాట. ఎవరిచ్చారు, ఎవరినడిగారు, నోటుబుక్కు మా ఇంట్లో ఉంది, ఇది మా నాన్న, మా తాత, అని లోపల ఒకడు లేచి అరుస్తున్నాడు, వాడికి పద్నాలుగేళ్ళ తర్వాత ఇల్లు గుర్తొచ్చింది. మూడో పాదం వచ్చింది. మధ్య గొంతు పాడుతున్న అమ్మాయి, నుదుటి మీద ఎర్రజుట్టు పడుతున్న పిల్ల, పాదం చివరకి వచ్చి, దిగింది. తడబాటు కాదు. చీకట్లో తమ ఇంటి మెట్టు దిగినంత నమ్మకంగా దిగింది, కింది గొంతుతో రాసుకుంది, కిర్రుమంది, సర్దుకుంది. ఇద్వల్ లోపల అరుస్తున్నవాడు నోరు మూశాడు. రెండో చరణం, మూడో పాదం, దిగింది. ఆ తప్పు నోటుబుక్కులో లేదు. అది లోకంలో మూడు గొంతుల్లోనే ఉంది, ఒకటి నాన్నతో పోయింది, ఒకటి తనది, తనది తానే మూడు నెలలు మెడ వంచి చంపుకున్నాడు. మిగిలింది ఎమ్లిన్. పై గొంతు పాడేవాడు తన చెవి పక్కన పాతికేళ్ళు ఆ దిగుడు విని, అది ఎంత లోతో కొలిచి పెట్టుకుని, ఈ పిల్ల గొంతులో దింపి వెళ్ళాడు.

"వదినా" అన్నాడు, పెదవులతో.

"గురువారాలు" అంది నెరిస్, ముందుకే చూస్తూ. "రెండేళ్ళు. అవతలి ఊరి బడి హాల్లో. నీకు చెప్పొద్దన్నాడు."

"ఎందుకు?"

అయిదో చరణం అయింది, ఆరోది మొదలైంది. "చెబితే వాడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు, అది నేను చూడలేను, అన్నాడు" అంది.

మిగతా చరణాలు అతను విన్నాడో లేదో తెలియదు. ప్రతి చరణంలోనూ ఆ చోటు మాత్రం విన్నాడు, పదకొండుసార్లు, ఎవరో చీకట్లో మెట్లు దిగి వెళ్ళిపోతున్నట్టు. మూడున్నరకి ఈల వేసుకుంటూ షెడ్డుకు పోతున్న మనిషి కనిపించాడు, అవతలి ఊళ్ళో బడి పిల్లల చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చుని, కాదు కాదు ఇక్కడ ఇలా, అంటున్న మనిషి కనిపించాడు, ఇద్దరూ ఒకే వంటింట్లో పెరిగారు. పాట ముగిసింది. నలుగురూ వెళ్ళి కూర్చున్నారు. నిశ్శబ్దం. ఇప్పుడు అందరికీ తెలుసు, ఇది అతనిది. ఎవరూ లేవలేదు. పాదిరిగారు ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటున్నారు. పాడిన పాట పాడకూడదు, ఇంకో పాట లేదు, నెరిస్ పెట్టుకుందామన్న ఇంకో పాట లేదు. ఆ నిశ్శబ్దంలో ఇద్వల్ కూర్చున్నాడు, అది ఎంత పొడుగుంటే అంత పొడుగునా, ఈ సాయంత్రం కాయ్ గ్లాస్ వాళ్ళు పాడింది అదే అన్నట్టు. తర్వాత ఎవరో లేచారు.

అయిపోయాక హాల్లో టీ, పంది మాంసం ముక్కలు, ఎండు ద్రాక్షల రొట్టె. అతను గోడ పక్కన కప్పు పట్టుకుని నిలబడితే ఎర్రజుట్టు పిల్ల వచ్చింది. పేరు గ్వెన్నో అంది. మొహం కడిగిన గిన్నెలా మెరుస్తోంది, భయపడుతోంది కూడా.

"మీరు లేస్తారని చూశామండీ" అంది. "మా తమ్ముడు చర్చిలో ఉంటే వాడి కోసం ఆగండి, మూడుసార్లు ఆగండి, వాడికి కాస్త టైం పడుతుంది, అని చెప్పారు ఎమ్లిన్‌గారు. మూడుసార్లూ ఆగాం."

ఇద్వల్ తల ఊపాడు. "ఆ మూడో పాదం చివర" అన్నాడు.

"అక్కడ మమ్మల్ని ఎంత ఏడిపించారో. నేను మొదట్లో సరిగ్గా ఎక్కేదాన్ని, ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా ఎక్కుతారే, మా తమ్ముడొక్కడే దిగుతాడు, వాడిలా దిగు, అనేవారు. మరి, సరిగ్గానే దిగానాండీ?"

"సరిగ్గానే దిగావమ్మా" అన్నాడు.

కారులో నెరిస్ కాళ్ళ దగ్గర ఖాళీ రొట్టె డబ్బా పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. వర్షం మొదలైంది, వైపర్లు ఊగుతున్నాయి. కొండ మలుపు దిగుతూ ఇద్వల్ నోరు మూసుకునే మూడో పాదం ఎత్తుకున్నాడు, చివరకి వచ్చేసరికి గొంతు ఒక మెట్టు పైకి ఎక్కింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి వచ్చాడు, ఎక్కింది. మెల్లగా, కాళ్ళతో తడుముకుంటూ వచ్చాడు, అక్కడ మెట్టు లేదు, నున్నగా పైకే ఉంది దారి, ఎంత శ్రద్ధగా పూడ్చాడో అంత నున్నగా. నాలుగోసారీ ఎక్కినప్పుడు నెరిస్ కిటికీ వైపు నుంచి తిరగకుండానే అంది, "ఆ పిల్లలు ఇంకా కలుస్తూనే ఉన్నారు. అడిగితే నేర్పుతారు."

"గురువారాలేనా?"

"గురువారాలే. ఏడున్నరకి."

అవతలి ఊరికి పావుగంట దారి. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయల్దేరడానికి ఇంకో పావుగంట. లెక్క దానంతటదే అయిపోయింది, వద్దన్నా ఆగలేదు. సాయంత్రం పాలు పితకడం ఆరున్నరకల్లా అయిపోతుంది. ఎప్పుడూ ఆరున్నరకే అయిపోయేది.